మా తోటలోకి గ్రే ఉడత వచ్చింది, బోను పెట్టాలా వద్దా?

హేజెల్ చెట్టు (పెన్రిత్ దగ్గర, కంబ్రియా)
ఫిబ్రవరి 2, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేము ఇంగ్లండ్‌లోని ఈ ఊరొచ్చి ఆరేళ్లయింది. ఇంటి వెనక అర ఎకరం చోటుంది. చివర్లో పాత హేజెల్ చెట్లు, వాటిని ఆనుకుని పైన్ అడవి. ఇల్లు కొన్నప్పుడు ఎర్ర ఉడతల సంగతే మాకు తెలియదు. మొదటి చలికాలం ఒక పొద్దున వంటింటి కిటికీలోంచి చూస్తే ఒకటి మేం పెట్టిన ఫీడర్ (గింజల పెట్టె) మూతను తలతో ఎత్తి పట్టుకుని లోపలి పల్లీలు తీసుకుంటోంది. ఇటుకరంగు ఒళ్లు, చెవుల మీద కుచ్చులు. అప్పుడు మా అమ్మ ఇక్కడే ఉంది. "దీని వీపు మీద రాముడి వేళ్ల గుర్తులు లేవేంట్రా?" అంది. ఆ రోజు నుంచి అవి మా ఇంట్లో మనుషుల్లా అయిపోయాయి. మా పాప ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టుకుంది.

జనవరి చివర్లో అదే ఫీడర్ మీద గ్రే (బూడిదరంగు) ఉడత కనబడింది. నిన్న రెండు వచ్చాయి. అవి వచ్చిన దగ్గర్నుంచి ఎర్రవి పొద్దున్నే ఒకసారి వచ్చి వెళ్లిపోతున్నాయి, ఇదివరకటిలా రోజంతా తిరగడం లేదు. పక్కింటి పెద్దాయన చూసి ఎర్ర ఉడతల్ని కాపాడే వాలంటీర్లకు ఫోన్ చేశారు. ఒకావిడ వచ్చి బోను ఇస్తానంది. "గ్రే పడితే ఫోన్ చెయ్యండి, మేమే వస్తాం" అంది. తీసుకెళ్లి ఏం చేస్తారని అడిగితే, చంపేస్తామని సూటిగానే చెప్పింది.

రాత్రి ఇంట్లో ఇదే గొడవ. ఉడతా భక్తి కథ చెప్పి పడుకోబెట్టే పిల్లకు రేపు ఏం చెప్తావని మా ఆవిడ అడుగుతోంది. పట్టుకుని దూరంగా ఏ పార్కులోనో వదిలేద్దాం అంటోంది. నాకూ చెయ్యి రావడం లేదు. అలాగని ఊరుకుంటే ఎర్రవి పోతాయని అందరూ అంటున్నారు. ఈ పని స్వయంగా చేసినవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

థేమ్స్ ఒడ్డు (రెడింగ్)
ఫిబ్రవరి 2, రాత్రి 10:25

మాకు ఎర్రవి లేవు, ఇటు ఉన్నవన్నీ గ్రేలే. కాబట్టి నా అనుభవం లాఫ్ట్ (ఇంటి పైకప్పు కింది అటక) వరకే. రెండేళ్ల కిందట తెల్లారేసరికి పైన గోళీలు దొర్లించినట్టు చప్పుడు. నిచ్చెన వేసుకుని ఎక్కి చూస్తే ఇన్సులేషన్ దూదంతా ఒక మూలకి లాగి గూడు కట్టింది. కరెంటు కేబుల్ మీద ప్లాస్టిక్ తొక్క ఒలిచేసి లోపలి రాగి కనబడుతోంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, షార్ట్ సర్క్యూట్ అయితే పిల్లలు పడుకునే గది సరిగ్గా దాని కిందే.

ఆన్‌లైన్‌లో బోను కొని పల్లీలు పెట్టాను. మర్నాడే పడింది. కార్లో పన్నెండు మైళ్లు తీసుకెళ్లి ఒక అడవి దగ్గర వదిలేశాను. చంపలేదన్న తృప్తి ఉంది. మీరూ అలాగే చేయొచ్చు కదా?

చలిమంట (కార్లైల్)
ఫిబ్రవరి 2, రాత్రి 11:50

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. నేను నాలుగేళ్లుగా ఇక్కడి ఎర్ర ఉడతల గ్రూప్‌లో వాలంటీర్‌ని. హేజెల్ చెట్టు గారూ, మీరు అడగాల్సిన ప్రశ్నే అడిగారు. బోను పెట్టకముందు అడిగారు చూడండి, అదే ముఖ్యం.

థేమ్స్ ఒడ్డు గారూ, మీరు మంచి మనసుతోనే చేశారు, కాదనను. కానీ మీరు చేసింది నేరం. గ్రే ఉడతను బయట వదలడం 1981 వన్యప్రాణి చట్టం ప్రకారమే తప్పు. 2019 డిసెంబర్ 1 నుంచి కొత్త ఆర్డర్ వచ్చి ఇంకా గట్టిపడింది. ఒకసారి బోనులో పడిన గ్రేని వదలకూడదు. పన్నెండు మైళ్ల అవతలే కాదు, పట్టిన చోటే తలుపు తీసి వదిలినా తప్పే. దాన్ని బాధ పెట్టకుండా చంపాలి, లేదా చంపగలిగినవాళ్లకి అప్పగించాలి. చట్టం సంగతి పక్కన పెట్టినా, కొత్తచోట వదిలిన ఉడతకు గూడు ఉండదు, దాచుకున్న తిండి ఉండదు, అక్కడి ఉడతలు తరుముతాయి. మనం చూడని చోట అది చస్తుంది.

అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే. చంపడం మీ వల్ల కాదు, పిలిస్తే వచ్చేవాళ్లు కూడా లేరు అంటే బోను కొనొద్దు. పడిన తర్వాత ఆలోచించుకునే వీలు ఉండదు.

నీళ్లలో ముంచి చంపుతామనేవాళ్లు కూడా ఉన్నారు, మనవాళ్లలోనూ విన్నాను. ఎలుకల బోనుని బకెట్లో ముంచడం చిన్నప్పుడు చూసినవాళ్లమే కదా. ఇక్కడ అది క్రూరత్వం కింద కేసు అవుతుంది. అవ్వాలి కూడా. మునిగి చావడానికి చాలాసేపు పడుతుంది.

మీ తోటలో ఎర్రవి తిరుగుతున్నాయి కాబట్టి ప్రాణంతో పట్టే వైరు బోనే పెట్టాలి. స్ప్రింగుతో టక్కున కొట్టి చంపే బోన్లు మీ దగ్గర పనికిరావు. వాటికి ఎర్ర, గ్రే తేడా తెలియదు. మిగతా వివరాలు కావాలంటే రేపు రాస్తాను.

తులసికోట (లెస్టర్)
ఫిబ్రవరి 3, ఉదయం 7:15

నాకు ఈ చర్చంతా చదువుతుంటే కడుపులో తిప్పింది. బాధతో రాస్తున్నాను, ఎవరినీ తప్పుపట్టడానికి కాదు.

ఈ గ్రే ఉడతలు వాటంతట అవి సముద్రం ఈదుకుంటూ రాలేదు. ఉత్తర అమెరికా తూర్పు వైపు అడవుల్లో వాటి మానాన అవి ఉండేవి. 1876లో చెషైర్‌లోని హెన్‌బరీ పార్కులో ఒక ధనవంతుడు ముచ్చటపడి ఒక జంటను వదిలాడు. తర్వాత వోబర్న్ ఆబీలో బెడ్‌ఫర్డ్ డ్యూక్ తెప్పించుకుని, తన దగ్గర ఉంచుకోవడం చాలక తెలిసినవాళ్లకి కూడా పంచాడు. 1911లో ఐర్లండ్‌కి పెళ్లి కానుకగా బుట్టలో పెట్టి పంపారు. కానుకలు ఇచ్చిపుచ్చుకున్నది మనుషులు, చావాల్సింది ఉడతలా?

ఇంకో సంగతి. ఇప్పుడు ఇంత ముద్దు చేస్తున్న ఎర్ర ఉడతల్నే స్కాట్లండ్‌లో పైన్ మొక్కల చివుళ్లు తింటున్నాయని వేటాడారు. 1903లో హైలాండ్ స్క్విరెల్ క్లబ్ అని పెట్టుకుని తోకకు ఇంత అని డబ్బులిచ్చి వేల మీద వేలు కాల్చి చంపారు. అప్పుడు ఎర్రది శత్రువు, ఇప్పుడు గ్రేది శత్రువు. యాభై ఏళ్ల తర్వాత ఎవరు?

ఇక్కడ మా పెరట్లోకి వచ్చే గ్రేకి నేను రోజూ పల్లీలు పెడతాను. తులసి కుండీ తవ్వి పాడుచేస్తుంది, అయినా పెడతాను. ఒక ప్రాణి ఇంకోదాని కన్నా అందంగా ఉందని రెండోదాన్ని చంపడం నాకు న్యాయంగా అనిపించదు.

చలిమంట (కార్లైల్)
ఫిబ్రవరి 3, సాయంత్రం 6:30

తులసికోట గారూ, మీరు చెప్పిన చరిత్ర అక్షరాలా నిజం. తప్పు మనుషులదే. కానీ అందం కోసం చంపుతున్నామన్న మాట ఒప్పుకోలేను. నేను చూసింది ఒకటి చెప్తాను.

మూడేళ్ల కిందట సెప్టెంబర్‌లో ఒక పెద్దావిడ ఫోన్ చేసింది. తన ఫీడర్ కింద ఎర్ర ఉడత కూర్చుని ఉంది, మనిషి దగ్గరికి వెళ్లినా కదలడం లేదని. వెళ్లాను. రెండు కళ్లూ వాచి మూసుకుపోయాయి. కనురెప్పల చుట్టూ, మూతి చుట్టూ పుండ్లు, వాటి మీద పొక్కు కట్టింది. ముందు కాళ్ల వేళ్ల మధ్య కూడా పుండ్లే. పల్లీ వాసన తగిలి తల అటూ ఇటూ తిప్పుతోంది, కానీ కనబడదు, కాలితో పట్టుకోలేదు. తువ్వాలులో చుట్టి పెట్టెలో పెడుతుంటే చేతిలో బరువే తెలియలేదు. వెట్ (జంతువుల డాక్టర్) దగ్గరికి తీసుకెళ్లే లోపే పోయింది.

దాన్ని స్క్విరెల్‌పాక్స్ అంటారు. గ్రేలు ఆ వైరస్‌ని మోస్తాయి, వాటికి మాత్రం దాదాపు ఏమీ కాదు. ఎర్రదానికి సోకితే రెండు వారాల్లో ప్రాణం తీస్తుంది. గ్రే వచ్చి దాన్ని కొట్టి చంపక్కర్లేదు, ఒకే ఫీడర్ మీద మూతి పెడితే చాలు. లివర్‌పూల్ పైన ఫార్మ్‌బీలో 2008లో ఈ జబ్బు వచ్చి అక్కడి ఎర్ర ఉడతల్లో నూటికి ఎనభైకి పైగా తుడిచిపెట్టుకుపోయాయి.

పాక్స్ లేని చోట కూడా తిండి దగ్గర ఎర్రవి ఓడిపోతాయి. గ్రే బరువు అర కిలో దాటుతుంది, ఎర్రది మూడు వందల గ్రాములు. ఓక్ కాయలు పచ్చివే గ్రేలు అరిగించుకోగలవు. హేజెల్ కాయలు పండకముందే ఖాళీ చేస్తాయి. చలికాలానికి దాచుకోవడానికి ఎర్రవాటికి ఏమీ మిగలదు, ఆ ఏడు పిల్లలు పుట్టవు.

2018లో మామల్ సొసైటీ అనే వన్యప్రాణుల సంస్థ బ్రిటన్ మొత్తానికి వేసిన లెక్కలో గ్రేలు 27 లక్షలు, ఎర్రవి 2,87,000. ఆ ఎర్రవాటిలో ఎక్కువ భాగం స్కాట్లండ్‌లోనే. ఇంగ్లండ్ మొత్తంలో 38,900. మీరు లెస్టర్‌లో ఒక గ్రేకి పల్లీలు పెడితే ఏ ఎర్ర ఉడతకూ నష్టం లేదు, నేను ఆపమనను. పెన్రిత్‌లో అలా కుదరదు.

కోకో రైతుబిడ్డ (తాడేపల్లిగూడెం)
ఫిబ్రవరి 3, రాత్రి 8:05

నేను ఇంగ్లండ్‌లో లేను, మా చెల్లెలు లింకు పంపితే చదువుతున్నాను. మా కొబ్బరితోటల్లో అంతరపంటగా కోకో వేస్తాం. ఉడతలు, ఎలుకలు కోకో కాయకు కన్నం పెట్టి లోపలి తీపి గుజ్జు తినేసి గింజలు కింద రాలుస్తాయి. కోపం వస్తుంది. కానీ మా నాన్న ఎప్పుడూ ఉడతల జోలికి వెళ్లనివ్వలేదు. పండిన కాయల్ని చెట్టు మీద ఉంచకుండా వెంటవెంటనే కోసేస్తాం. అవి మా నేలవే, వాటిని తినే పాములు, గద్దలు, పిల్లులు కూడా ఇక్కడే ఉన్నాయి.

మన ఉడత కూడా వేరే దేశం పోతే ఇదే కథ. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో మన ఐదు చారల ఉడతలు ఉన్నాయి. 1898లో అక్కడి జూ నుంచి బయటపడ్డవాటి సంతానమే. కాబట్టి ఉడత మంచిదా చెడ్డదా అని కాదు, ఎక్కడుందని చూడాలేమో అనిపించింది.

అడవిపని (హెరెఫర్డ్‌షైర్)
ఫిబ్రవరి 4, మధ్యాహ్నం 1:10

నేను ఇక్కడ ఒక ప్రైవేట్ ఎస్టేట్ అడవిలో పన్నెండేళ్లుగా పని చేస్తున్నాను. మాది నల్గొండ, చిన్నప్పుడు చెట్టంటే వేప, చింత, అంతే. ఇక్కడికొచ్చాక ఓక్, బీచ్, సికమోర్ అన్నీ చేత్తో నాటి నేర్చుకున్నాను. గ్రేల వల్ల నాకు కలిగిన బాధ ఎర్ర ఉడతల గురించి కాదు, ఇటు అవి పోయి చాలా ఏళ్లయింది. చెట్ల గురించి.

మే నుంచి జూలై దాకా, చెట్టులో రసం పారే రోజుల్లో, గ్రేలు బెరడు ఒలుస్తాయి. పదేళ్ల నుంచి నలభై ఏళ్ల వయసున్న చెట్లంటే మరీ ఇష్టం. పైబెరడు పళ్లతో చీల్చి పారేసి కింద ఉన్న తడి పొర గీకి తింటాయి. చుట్టూ ఉంగరంలా ఒలిచేస్తే ఆ పైభాగం ఎండిపోతుంది. మధ్యలో ఒలిస్తే అక్కడ పుచ్చు పట్టి మొదటి గట్టి గాలికి విరుగుతుంది. నేను వచ్చిన ఏడాది నాటిన ఓక్ మొక్కలు ఈ మధ్యే నా తల దాటి మూడింతల ఎత్తయ్యాయి. పోయిన జూన్‌లో ఒక వారం సెలవు పెట్టి తిరిగొచ్చేసరికి ఒక వరస మొత్తం తెల్లగా, తోలు తీసినట్టు నిలబడి ఉంది. కింద బెరడు ముక్కలు పరుచుకుని ఉన్నాయి. ఒక చెట్టు మీద చెయ్యి పెడితే ఇంకా తడిగా ఉంది. ఆ రోజు ఏ పనీ చెయ్యలేకపోయాను.

రాయల్ ఫారెస్ట్రీ సొసైటీ 2021 లెక్క ప్రకారం ఇంగ్లండ్, వేల్స్ రెండిట్లో కలిపి ఏడాదికి 3 కోట్ల 70 లక్షల పౌండ్ల నష్టం. ఇక్కడ చాలామంది గ్రేల భయంతో ఓక్ నాటడమే మానేశారు. డబ్బు నష్టం కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే.

మేము చేసే పని చెప్తాను. ఫిబ్రవరి, మార్చిలో, ఆకు రాకముందు, ఎయిర్ రైఫిల్ (గాలి తుపాకి)తో కాలుస్తాం. ఒక తొట్టి పెట్టి అందులో మొక్కజొన్న గింజలు పోస్తాం. వారం పది రోజులు వాటిని తిననిచ్చి అలవాటు చేసి, తర్వాత దగ్గర్లో మాటు వేసి కూర్చుంటాం. ముప్పై గజాలు దాటితే నేను ట్రిగ్గర్ నొక్కను. తల తప్ప ఇంకెక్కడా గురిపెట్టను. వెనక చెట్టు మానో మట్టిగట్టో లేకపోయినా కాల్చను. గాయపడి పారిపోయిన ఉడత గూట్లో రెండు రోజులు కొట్టుకుని చస్తుంది. మొదట్లో నా చేతుల్లో ఒకసారి అలా జరిగింది. చీకటి పడేదాకా వెతికాను, దొరకలేదు. ఆ తర్వాత ఆరు నెలలు కాగితం మీద గురి ప్రాక్టీస్ చేశాకే మళ్లీ అడవిలోకి తుపాకి తీసుకెళ్లాను.

చట్టం సంగతి. ఇంగ్లండ్‌లో 12 ఫుట్-పౌండ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ అక్కర్లేదు. స్కాట్లండ్‌లో 2016 చివరి నుంచి సర్టిఫికెట్ ఉండాల్సిందే. ఎక్కడైనా సరే, స్థలం సొంతదారు అనుమతి కావాలి. పెల్లెట్ (ఆ తుపాకి గుండు) మీ హద్దు దాటి పక్కవాళ్ల స్థలంలో పడితే అదే ఒక నేరం. టౌనులో చిన్న పెరడు ఉన్నవాళ్లు ఈ ఆలోచన పెట్టుకోవద్దు.

ఏప్రిల్ నుంచి జూలై దాకా బోన్లు. ఎర్రవి లేని ప్రాంతం కాబట్టి మాకు ప్రభుత్వం ఆమోదించిన స్ప్రింగు బోన్లు పెట్టే వీలుంది, కానీ వాటిని పెట్టెలో అమర్చి, ముందు తగినంత చిన్న కన్నం ఉంచి, పక్షులు, ముళ్లపందులు దూరకుండా చూడాలి. ఇదివరకు వార్‌ఫరిన్ అనే విషం కలిపిన గోధుమలు పెట్టేవారు. 2015తో దానికి అనుమతి పోయింది. పోవడమే మంచిదైంది, లోపల రక్తం కారి రోజుల తరబడి చచ్చేవి.

తులసికోట గారికి ఒక మాట. తోకకు డబ్బు ఇవ్వడం గ్రేల మీద కూడా చేశారు. 1950లలో ప్రభుత్వమే తోకకు ఒక షిల్లింగ్, తర్వాత రెండు షిల్లింగులు ఇచ్చింది. లక్షల తోకలు వచ్చాయి, 1958లో ఆపేసే నాటికి గ్రేలు తగ్గలేదు. జనం ఉడతలు ఎక్కువున్న చోట సులువుగా కొట్టి తోక తెచ్చేవారు, నాలుగు మిగిల్చి వచ్చేవారు. కాబట్టి చంపడం ఒక్కటే పని చేస్తుందని నేనూ అనను. మా అడవిలో ఇవాళ ఖాళీ చేస్తే రెండు మూడు నెలల్లో పక్క అడవి నుంచి మళ్లీ వస్తాయి. అందరూ కలిసి, ఆపకుండా చేస్తేనే ఫలితం. వేల్స్‌లోని ఆంగ్లెసీ దీవిలో అలా చేశారు. 1998లో మొదలుపెట్టి పదిహేనేళ్లు పట్టుబట్టారు. నలభైకి పడిపోయిన ఎర్రవి ఏడొందల దాకా పెరిగాయి. అది నీళ్ల మధ్య ఉన్న చోటు కావడం కలిసొచ్చింది, నిజమే.

థేమ్స్ ఒడ్డు (రెడింగ్)
ఫిబ్రవరి 4, రాత్రి 9:30

చలిమంట గారూ, వదలకూడదన్న సంగతి నాకు నిజంగా తెలియదు. చదివాక మనసు బాగోలేదు. ఇంకో విషయం కూడా చెప్పేస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

అదొక్కటే కాదు. మరుసటి మార్చిలో మళ్లీ చప్పుడు మొదలైతే ఈసారి పెస్ట్ కంట్రోల్ వాళ్లని పిలిచాను. కంపెనీ పేరు చెప్పను. వచ్చి లాఫ్ట్‌లో బోను పెట్టి, ఈవ్స్ (చూరు) కింద కంతకు వైరు వల కొట్టి వెళ్లారు. రేపు వస్తామన్నవాళ్లు మూడో రోజు వచ్చారు. తల్లి ఉడత బోనులో చచ్చి పడి ఉంది, వైరు కొరికీ కొరికీ మూతి పగిలింది. ఆ తర్వాత రెండు రోజులు ఇన్సులేషన్ లోపల్నుంచి సన్నగా కీచుమని శబ్దం. పిల్లలు. మూడో రోజు శబ్దం లేదు. నాలుగు పిల్లల్ని చేత్తో తీశాను, కళ్లు కూడా తెరవలేదు. లాఫ్ట్ ఉన్నవాళ్లు దయచేసి ఫిబ్రవరి, మార్చిలో కంతలు మూయకముందు గూడు చూసుకోండి.

చలిమంట (కార్లైల్)
ఫిబ్రవరి 4, రాత్రి 10:15

అయ్యో. ఇది చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు.

ప్రాణంతో పట్టే బోనుని 24 గంటల్లో ఒకసారైనా చూడాలన్నది కనీస నియమం. మా గ్రూప్‌లో పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, చీకటి పడేముందు ఇంకోసారి చూస్తాం, రాత్రి ఏదీ పడకుండా తలుపు కట్టేస్తాం. చూడడం కుదరని రోజు బోను తెరవం. గ్రేలు ఏడాదికి రెండుసార్లు ఈనుతాయి, ఫిబ్రవరి మార్చిలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి. లాఫ్ట్ సంగతైతే పిల్లలు బయటికొచ్చి తిరిగే దాకా ఆగి, అన్నీ బయట ఉన్నప్పుడు కంత మూసేయడం అన్నిటికన్నా మంచిది. బోను అవసరమే రాదు.

తులసికోట (లెస్టర్)
ఫిబ్రవరి 5, ఉదయం 6:50

రాత్రి ఆ నాలుగు పిల్లల గురించే ఆలోచిస్తూ పడుకున్నాను. అడవిపని గారు అంత నిజాయితీగా రాశారు కాబట్టి అడుగుతున్నాను. చంపకుండా తగ్గించే దారి అసలు లేదా? పిల్లలు పుట్టకుండా మందు పెడతారని ఎక్కడో విన్నాను.

అడవిపని (హెరెఫర్డ్‌షైర్)
ఫిబ్రవరి 5, మధ్యాహ్నం 12:40

ఉంది, పరిశోధన నడుస్తోంది. నోటి ద్వారా ఇచ్చే గర్భనిరోధక మందుని హేజెల్ కాయల ముద్దలో కలిపి పెట్టాలని చూస్తున్నారు. ఎర్రవి తినకుండా, బరువు పడితేనే తలుపు తెరుచుకునే ఫీడర్ తయారుచేశారు. గ్రే బరువుకు తెరుచుకుంటుంది, ఎర్రదానికి తెరుచుకోదు. కానీ ఇవాళ బజార్లో కొనుక్కుని పెట్టుకునే మందు లేదు. ఆ రోజు వస్తే నా రైఫిల్ అమ్మేస్తాను, మనస్ఫూర్తిగా చెప్తున్నాను.

రెండో దారి పైన్ మార్టెన్. పిల్లి అంత ఉండి, చెట్లెక్కి ఉడతల్ని కూడా వేటాడే జంతువు. ఐర్లండ్ మధ్య ప్రాంతంలో మార్టెన్లు పెరిగిన చోట గ్రేలు దాదాపు కనబడకుండా పోయి ఎర్రవి వాటంతటవే తిరిగొచ్చాయి. ఎర్ర ఉడతలు వేల ఏళ్లుగా మార్టెన్‌తో కలిసి బతికాయి, దాని వాసన పసిగడతాయి. గ్రేలు నేల మీద ఎక్కువ తిరుగుతాయి, దాన్ని చూసి భయపడడం తెలియదు. మాకు దగ్గర్లోని ఫారెస్ట్ ఆఫ్ డీన్‌లో 2019 నుంచి 2021 దాకా స్కాట్లండ్ నుంచి 35 మార్టెన్లని తెచ్చి వదిలారు. పోయిన చలికాలం మా ఎస్టేట్‌కి కొన్ని మైళ్లలో ఒకటి కెమెరాకి చిక్కింది. ఆ ఫొటో నా ఫోన్‌లో దాచుకున్నాను. కానీ ఊళ్లల్లో, ఇళ్ల మధ్య మార్టెన్ ఉండదు, అక్కడికి ఈ దారి చాలదు.

తులసికోట (లెస్టర్)
ఫిబ్రవరి 5, మధ్యాహ్నం 1:20

వివరంగా చెప్పినందుకు చాలా థాంక్సండీ. ఆ మార్టెన్ మీ అడవికే రావాలని కోరుకుంటున్నాను.

హేజెల్ చెట్టు (పెన్రిత్ దగ్గర, కంబ్రియా)
ఫిబ్రవరి 23, రాత్రి 10:05

ఇన్ని రోజులు జవాబివ్వనందుకు క్షమించండి. మీరు రాసినవన్నీ మా ఆవిడకు చదివి వినిపించాను. రెడింగ్ నుంచి రాసిన ఆయన మాటలు విన్నాక "వదిలేద్దాం" అనడం మానేసింది. పాక్స్ సంగతి విన్నాక బోనుకి ఒప్పుకుంది, ఒక షరతు మీద. నేను ఇంట్లో ఉండే రోజుల్లోనే బోను తెరవాలి, పడినప్పుడు నేను పక్కనే ఉండాలి. వేరేవాళ్ల చేత చేయించి మనం కళ్లు మూసుకోవడం వద్దంది.

వాలంటీర్ బోను తెచ్చి హేజెల్ చెట్టు మొదట్లో పెట్టింది. మొదటి ఐదు రోజులు తలుపు వైరుతో కట్టి తెరిచే ఉంచాం. మొక్కజొన్న, పొద్దుతిరుగుడు గింజలు, పల్లీలు చల్లాం. ఫీడర్ తీసేయమంది, తీసేశాను. వానకు తడవకుండా పైన టార్పాలిన్ పట్టా కప్పాం. ఆరో రోజు వైరు విప్పింది.

మొదట పడింది ఎర్రది. నా గుండె ఆగినంత పనైంది. లోపల గిరగిరా తిరుగుతూ టిక్ టిక్ మని అరుస్తోంది. చెప్పినట్టే బోను మీద దుప్పటి కప్పగానే ఊరుకుంది. తలుపు ఎత్తి దూరంగా నిలబడ్డాను. బాణంలా వెళ్లి పైన్ చెట్టెక్కి, పైనుంచి నన్ను చాలాసేపు తిట్టింది. మర్నాడు మళ్లీ అదే పడింది. ఎడమ చెవి చిరిగి ఉంటుంది కాబట్టి గుర్తుపట్టాను.

మూడో రోజు మధ్యాహ్నం గ్రే. ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. పక్కలు కాస్త ఎర్రగా ఉంటే ఒక్క క్షణం ఎర్రదేమో అనుకున్నాను, కానీ తోక అంచు చుట్టూ తెల్లటి వెంట్రుకలు, చెవులకు కుచ్చులు లేవు. నా వైపే చూస్తోంది. ముందు రెండు కాళ్లతో వైరు పట్టుకుని నిలబడింది. నాలుగు వేళ్లు, సన్నటి నల్లటి గోళ్లు. మా ఆవిడ కిటికీ దగ్గర్నుంచి వెళ్లిపోయింది. దుప్పటి కప్పి ఫోన్ చేశాను. అరగంటలో వాలంటీర్ వచ్చింది. చాలా తక్కువ మాట్లాడింది. ఎయిర్ పిస్టల్‌తో, ఒక్కసారే. నేను తల తిప్పుకోలేదు. కంటి మీద వేలితో తాకి కదలిక లేదని చూసి, మళ్లీ ఇంకోసారి చూసి, అప్పుడు సంచిలో పెట్టింది. ఆమె కళ్లల్లో కూడా నీళ్లున్నాయి. "మూడు వందలు దాటాయి, ఇంకా అలవాటు కాలేదు" అంది. బోను మందునీళ్లతో కడిగి, ఆరబెట్టాక గానీ మళ్లీ పెట్టనివ్వలేదు. గ్రే కూర్చున్న బోనులో ఎర్రది కూర్చుంటే పాక్స్ అంటుకోవచ్చట.

రెండోది నాలుగు రోజులకి పడింది. అది పాలిచ్చే తల్లి కాదని ఆమె చూసి చెప్పింది. ఎందుకో ఆ మాట వినగానే కాళ్లలో సత్తువ వచ్చింది.

మా పాపకి నిజమే చెప్పాం. ఎర్రవాటికి జబ్బు అంటుకోకుండా గ్రేని చంపాల్సి వచ్చిందని. చాలాసేపు ఏడ్చింది. తర్వాత "దాన్ని ఓడలో వాళ్ల ఊరికి పంపొచ్చు కదా నాన్నా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇంకా ఆ ప్రశ్న తిరుగుతూనే ఉంది.

చలిమంట (కార్లైల్)
ఫిబ్రవరి 24, ఉదయం 8:10

మీరు, మీ ఆవిడ చేసినంత జాగ్రత్తగా చేసేవాళ్లు తక్కువ. పాపను నా తరఫున దగ్గరికి తీసుకోండి.

ఇంకో రెండు వారాలు ఫీడర్ తిరిగి పెట్టొద్దు. పెట్టినప్పుడు వారం వారం వేడినీళ్లతో కడిగి, క్రిమిసంహారకంలో ముంచి, బాగా ఆరబెట్టి పెట్టండి. ఎర్రదేదైనా కళ్లు వాచి కనిపిస్తే అదే నిమిషంలో ఫీడర్లన్నీ తీసేసి ఫోన్ చెయ్యండి. బోను ఇంటిదగ్గరే ఉంచుకోండి, ఏప్రిల్‌లో ఇంకోసారి వస్తాయి. నెలకొకసారి కెమెరా పెట్టి చూస్తే చాలు, గ్రే కనబడితేనే బోను తెరుద్దాం.

తులసికోట (లెస్టర్)
ఫిబ్రవరి 24, సాయంత్రం 5:45

నేను ఇప్పటికీ నా చేత్తో ఆ పని చెయ్యలేను, చెయ్యమని ఎవరికీ చెప్పలేను. కానీ మీరు తల తిప్పుకోలేదని చదివాక మీ మీద గౌరవం పెరిగింది. మా లాఫ్ట్‌కి ఈ వారమే మనిషిని పిలిచాను. గూడు లేదని ఇద్దరం టార్చ్ వేసి చూసుకున్నాకే కంతకు వల కొట్టించాను. గ్రేకి ఇక పల్లీలు పెట్టను, పక్షులకు మాత్రం ఉడతలు దూరలేని ఫీడర్ కొన్నాను.

హేజెల్ చెట్టు (పెన్రిత్ దగ్గర, కంబ్రియా)
మార్చి 15, ఉదయం 7:55

నిన్న ఫీడర్ కడిగి పెట్టాను. ఇవాళ ఆరున్నరకి చెవి చిరిగినది వచ్చింది. దాని వెనక ఇంకోటి, చిన్నది, ఇదివరకు చూడనిది. మూత ఎత్తడం దానికి రావడం లేదు, చెవి చిరిగినది తింటుంటే పక్కన కూర్చుని చూస్తోంది. పాప ఇంకా లేవలేదు, లేపడానికి వెళ్తున్నాను.

చలిమంట (కార్లైల్)
మార్చి 15, ఉదయం 8:20

రెండిటి ఫొటోలు తీసి పంపండి, టైము కూడా రాయండి. మా రిజిస్టర్‌లో ఎక్కిస్తాను. కొత్తదానికి పేరు పాపనే పెట్టమనండి.